సందేహానికి హద్దు ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: పోటీపరీక్షలకు చదువుతున్న మా అబ్బాయి పుస్తకాల్లో ఒకదానిలో హీలియంను 1868లో గుంటూరులో కనుగొన్నారని, మరొకదానిలో అదే ఏడాది ఇంగ్లండులో కనుగొన్నారని, ఇంకొకదానిలో 1895లో లండనులో కనుగొన్నారని ఉంది. మూడూ అచ్చయిన పుస్తకాలే. ఒక మూలకం ఎక్కడ, ఎప్పుడు దొరికిందన్న సంగతే ఇలా తేలకుండా ఉంటే, మనిషి దేన్నయినా నిశ్చయంగా తెలుసుకోగలడా? తెలిసిందనుకుని సరిపెట్టుకోవడమేనా మన పని?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఆ పుస్తకాలు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులిచ్చి, మూడింటినీ ఒకే ప్రశ్న కింద రాశాయి. మీ ఇంట్లో పుట్టిన గందరగోళానికి కారణం అంతే. అయితే ఆ కథను దగ్గరగా చూస్తే మీరడిగిన పెద్ద ప్రశ్నకూ అందులోనే దారి కనిపిస్తుంది కనుక కాస్త విస్తరించి చెబుతాను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుని నీడ తెలుగునేల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్ గుంటూరులో విడిది చేశాడు; బ్రిటిషువారి తరఫున టెనంట్ బృందం కూడా అక్కడే ఉంది; మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లగా, అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి చేరాడు. సూర్యబింబం పూర్తిగా మరుగైన ఆ కొద్ది నిమిషాల్లో అంచున ఎగసే జ్వాలల వెలుగును, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిలో చూసినవారికి రంగురంగుల మెరుపు గీతలు విడివిడిగా కనిపించాయి. అలా విడి గీతలు కనిపించాయంటే ఆ జ్వాలలు వేడెక్కి వెలుగుతున్న వాయువని అర్థం. జాన్సెన్ మరునాడే, గ్రహణం లేకుండానే ఆ గీతలను పట్టగలిగాడు. ఈ సంగతి తెలియకుండానే నార్మన్ లాక్యర్ ఇంగ్లండులో అదే పద్ధతితో ఆ ఏడాది అక్టోబరులో వాటిని చూశాడు.

ఆ గీతల్లో పసుపుపచ్చనిది ఒకటి. ఉప్పును మంటలో వేసినప్పుడు కనిపించే సోడియం జంటగీతలు 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటాయి. ఈ గీత 587.6 దగ్గర ఉంది. తేడా అంత సూక్ష్మం కాబట్టి గ్రహణ సమయపు హడావిడిలో చూసినవారిలో కొందరు దాన్ని సోడియం గీతేననుకున్నారు. అది సోడియానిది కాదని, భూమి మీద తెలిసిన మరే మూలకానిదీ కాదని లాక్యర్ తేల్చిన మీదట, సూర్యునిలో మనకు తెలియని మూలకం ఒకటి ఉందన్న ఊహ బలపడింది, దానికి హీలియం అన్న పేరూ వచ్చింది. కాని ఆ తరువాత దాదాపు 27 ఏళ్ల పాటు ఆ పదార్థం ఎవరి చేతికీ చిక్కలేదు. 1895లో లండనులో విలియం రామ్జే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వెలువడిన వాయువును పరీక్షిస్తే, అదే చోట అదే పసుపు గీత కనిపించింది. కనుక సూర్యజ్వాలల వర్ణపటాన్ని మొదట చూసిన చోట్లలో ఒకటి గుంటూరు. ఆ గీత కొత్త మూలకానిదన్న వాదం ఇంగ్లండుది. పదార్థం చేతికందినది 1895లో. మీ అబ్బాయి పరీక్షలో ఏది గుర్తించాలన్నది మాత్రం ప్రశ్నపత్రం తయారుచేసినవారి దయ.

ఇక అసలు సంగతి. 1869 ఆగస్టులో అమెరికాలో కనిపించిన గ్రహణంలో యంగ్, హార్క్‌నెస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సూర్యుని చుట్టూ ఉండే కాంతివలయంలో 530.3 నానోమీటర్ల దగ్గర ఒక ఆకుపచ్చ గీతను చూశారు. అదీ తెలిసిన ఏ మూలకంతోనూ సరిపోలేదు. సరిగ్గా హీలియం విషయంలో చేసిన తర్కమే ఇక్కడా చేసి, దానికి కరోనియం అని పేరు పెట్టారు. దూరాన ఉన్న నీహారికల్లో కనిపించిన మరికొన్ని ఆకుపచ్చ గీతలకు నెబ్యూలియం అన్న మరో మూలకాన్ని ఊహించారు. ఈ రెండు మూలకాలూ లేవు. నీహారికల గీతలు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌వని 1927లో బోవెన్ చూపించాడు. సూర్యుని ఆకుపచ్చ గీత 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుముదని గ్రోట్రియన్, ఎడ్లెన్‌ల పరిశోధనల వల్ల 1940 ప్రాంతాల్లో తేలింది. ఇనుము అలా మారాలంటే ఆ కాంతివలయం పదిలక్షల డిగ్రీల స్థాయిలో వేడెక్కి ఉండాలి. ఆ సంగతి అంతవరకూ ఎవరి ఊహకూ అందలేదు.

హేతువు ఒకటే, తర్కం ఒకటే. ఒకచోట నిజమైంది, రెండుచోట్ల తప్పింది. దీన్ని చూసి తర్కానికి విలువే లేదనడం తొందరపాటు. తప్పిన చోట ఎందుకు తప్పిందో మన ప్రాచీన తర్కవిద్య అయిన న్యాయశాస్త్రం చాలా చక్కగా చెబుతుంది. 17వ శతాబ్దంలో మన తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈనాటికీ దేశమంతటా న్యాయశాస్త్రంలో తొలి పాఠ్యపుస్తకం. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది కనుక కొండ మీద పొగను చూసి నిప్పు ఉందనవచ్చు. తలకిందులుగా, నిప్పు ఉంది కనుక పొగ ఉంటుందని మాత్రం అనరాదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు; పొగ రావాలంటే కట్టె పచ్చిదై ఉండాలి. బయటికి చెప్పకుండా లోపల దాగి ఉన్న ఆ షరతుకు ఉపాధి అని పేరు. ‘కొత్త గీత ఉంది కనుక కొత్త మూలకం ఉంది’ అన్న వాదంలోనూ అలాంటి ఉపాధి దాగి ఉంది: వేడీ సాంద్రతా మన ప్రయోగశాలలో పుట్టించగలిగిన మేరలోనే ఉండాలి. సూర్యజ్వాలల విషయంలో ఆ లోపం అడ్డు రాలేదు. కాంతివలయంలో, నీహారికల్లో వచ్చింది.

మరి 1870లో లాక్యర్‌కు హీలియం ఉందని తెలుసా? తెలియదనే నా అభిప్రాయం. ఆయన నమ్మింది నిజమే, నమ్మడానికి మంచి కారణమూ ఉంది; కాని అంతే మంచి కారణం ఉన్న కరోనియం అబద్ధమైంది. 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు ఇలాంటి చిక్కునే చెప్పాడు. మాంసం కాల్చడానికి ఒకచోట అప్పుడే నిప్పు రాజేశారు, పొగ ఇంకా లేవలేదు, వాసనకు ముసిరిన పురుగుల గుంపును దూరం నుంచి చూసినవాడు పొగ అనుకుని అక్కడ నిప్పు ఉందన్నాడు. నిప్పు నిజంగానే ఉంది. అయినా అతనికి తెలిసినట్టు కాదు. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికను మూడు పేజీల వ్యాసంలో ఇదే తరహా చిక్కును లేవనెత్తి పాశ్చాత్య తత్త్వశాస్త్రాన్ని పెద్ద కుదుపు కుదిపాడు.

1895 తరువాత పరిస్థితి వేరు. గాజుగొట్టంలో హీలియం నింపి విద్యుత్తు పంపితే 587.6 దగ్గర గీత వస్తుంది. ఇష్టమున్నవారు ఇష్టమైనన్నిసార్లు చూసుకోవచ్చు. ఏయే దారుల్లో పొరపాటు రాగలదో ఆ దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చాక మిగిలినదాన్ని నేను నిశ్చయజ్ఞానమనే అంటాను. తెలుసుకోలేమన్న మాట కూడా అంత తేలికగా అనవలసింది కాదు. నక్షత్రాల దూరం, పరిమాణం, గమనం తెలిసినా అవి ఏ పదార్థాలతో తయారయ్యాయో ఎన్నటికీ తెలియదని ఫ్రెంచి తాత్త్వికుడు ఆగస్ట్ కోంత్ 1835లో ఘంటాపథంగా రాశాడు. ఆయన 1857లో కన్నుమూశాడు. ఆ తరువాత రెండు మూడేళ్లలోనే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్‌లు వర్ణపటాన్ని బట్టి మూలకాలను గుర్తించే పద్ధతిని లోకం ముందు పెట్టారు.

ప్రశ్న: పొరపాటు రాగల దారులు మూసుకుంటే నిశ్చయమే అని కొందరు పెద్దలు అంటుంటారు. మనకు తెలిసిన దారులనే మనం మూయగలం. తెలియని దారి ఒక్కటి తెరిచి ఉన్నా నిశ్చయం పోయినట్టే కదా? అసలు ఈ లోకమంతా దీర్ఘమైన కల కాదని ఎవరు చెప్పగలరు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ ప్రశ్నకు మన దేశంలో మూడు నాలుగు వందల ఏళ్లు సాగిన ఒక గొప్ప వాదం ఉంది. అందులో ఒక పక్షం నాయకుడు తెలుగువారికి వేరే విధంగా చిరపరిచితుడు. శ్రీనాథుడు శృంగారనైషధంగా తెనిగించిన నైషధకావ్యాన్ని సంస్కృతంలో రాసిన శ్రీహర్షుడే, 12వ శతాబ్దంలో ఖండనఖండఖాద్యం అనే తర్కగ్రంథమూ రాశాడు. దమయంతి స్వయంవరాన్ని అంత సుకుమారంగా వర్ణించిన చేయే, ప్రమాణాలకు, అంటే దేన్నయినా తెలుసుకునే సాధనాలకు, నైయాయికులు (న్యాయశాస్త్ర పండితులు) చెప్పిన నిర్వచనాలను ఒక్కొక్కటిగా తీసుకుని ఏదీ నిలవదని చూపించింది. మన సాహిత్య విద్యార్థులు మొదటి శ్రీహర్షుని చదివి రెండవవానిని వదిలేస్తున్నారన్నది నా ఫిర్యాదు.

ఆయనకు ముందే నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో మీలాంటి సందేహికి ఒక సమాధానం చెప్పాడు. ఇప్పటివరకూ చూసిన పొగలన్నిటికీ నిప్పు తోడు ఉన్నా, మరో దేశంలో, మరో కాలంలో నిప్పులేని పొగ ఉండవచ్చు కదా అని మీరంటారు. ఆ మరో దేశం, మరో కాలం ఉన్నాయని మీకెలా తెలిసింది? కంటితో చూడలేదు కనుక హేతువును బట్టి ఊహించే తెలుసుకున్నారు. అంటే ఏ ప్రమాణాన్ని మీరు శంకిస్తున్నారో దాని మీదే మీ శంక నిలబడి ఉంది. అందుకని ‘వ్యాఘాతావధిరాశంకా’ అన్నాడు. తన మాటకూ చేతకూ తానే విరుద్ధమయ్యే చోట శంక ఆగిపోతుందని భావం. శ్రీహర్షుడు ఈ శ్లోకాన్నే తీసుకుని, నాలుగు మాటలు మార్చి, ఉదయనుని మీదికే తిప్పికొట్టాడు: విరోధం ఉందంటే దానికి ఆధారమైన శంక కూడా ఉన్నట్టే కదా, అటువంటప్పుడు శంకకు హద్దు విరోధమని ఎలా అంటావు? ప్రతిపక్షి శ్లోకంతోనే ప్రతిపక్షిని కొట్టడం శ్రీహర్షుని కవిత్వానికీ తర్కానికీ ఉమ్మడి ఠీవి.

14వ శతాబ్దంలో మిథిలలో గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిలో దీనికి బదులిచ్చాడు. పొగ కావాలనుకున్నవాడు నిప్పునే వెతుక్కుంటున్నాడు, ఆకలి తీరాలనుకున్నవాడు అన్నమే తింటున్నాడు, తన భావం ఎదుటివానికి తెలియాలనుకున్నవాడు మాటలే వాడుతున్నాడు. నిజంగా శంక ఉన్నవాడైతే ఈ పనులకు పూనుకోడు. పూనుకున్నాడంటే ఆ శంక నోటిమాటగా ఉన్నదే తప్ప మనసులో లేదు. నైయాయికుల దృష్టిలో సందేహమన్నది ఊరికే పుట్టదు, దానికీ కారణం కావాలి. చీకట్లో నిలువుగా కనిపించేది మోడో మనిషో అన్న సందేహం కలగడానికి రెండింటికీ ఉమ్మడి అయిన పొడవు కనిపించాలి, ఏదో ఒకటని తేల్చే గుర్తు కనిపించకపోవాలి. ‘ఏమో, కావచ్చునేమో’ అని నోటితో అనగలిగినంత మాత్రాన అది సందేహమైపోదు.

నేను గంగేశుని పక్షమే, కాని ఒక మినహాయింపుతో. ఆయన చూపించింది సందేహి చేతల్లో సందేహించడం లేదని. సందేహి అన్నది అబద్ధమని కాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న ఎడం శ్రీహర్షునికి మిగిలిన విజయం. దాన్ని కాదనడం నాకు చేతకాదు. మీరన్న తెలియని దారి ఆ ఎడంలోనే ఉంది. అయితే అది అన్ని విషయాలకూ సమానంగా వర్తించేది కనుక ఏ ఒక్క విషయాన్నీ ప్రత్యేకంగా బలహీనపరచదు. కరోనియం మీద సందేహపడడానికి, హీలియం మీద సందేహపడకపోవడానికి అది మనకేమీ సాయం చేయదు.

కల సంగతికి వస్తే, ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1641లో ప్రచురించిన తన గ్రంథాన్ని ఆ సందేహంతోనే నడిపించి, సందేహిస్తున్న తాను ఉన్నానన్న ఒక్కదాని దగ్గర ఆగాడు. బ్రహ్మసూత్రాలు ‘వైధర్మ్యాచ్చ న స్వప్నాదివత్’ అని మెలకువకూ కలకూ తేడా ఉందంటాయి. కలలో చూసింది మేలుకోగానే బాధితమవుతుంది, అంటే అబద్ధమని తేలిపోతుంది, మెలకువలో చూసిన స్తంభం అలా బాధితం కాదని శంకరుల వివరణ. తాను లేనని ఎవరూ అనుకోరని కూడా ఆయనే మరోచోట అన్నారు, వెంటనే ఆ ‘నేను’ దేహమా, మనసా, క్షణక్షణం మారే విజ్ఞానమా అని వాదులు కొట్లాడుకుంటున్న సంగతీ చెప్పారు. ఉన్నానన్నది నిశ్చయమైనా, ఆ ఉన్నది ఏమిటో దానితో పాటు తేలలేదన్నమాట. డెకార్ట్ ఈ రెండో మెట్టు దగ్గర కాస్త తొందరపడ్డాడనిపిస్తుంది.

ప్రశ్న: నిశ్చయంగా ఏదీ తెలియదన్న మాటను నిశ్చయంగా ఎలా చెప్పగలం?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చెప్పలేము. నాగార్జునకొండకు పేరుగా నిలిచిన ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో ఈ ఇరకాటాన్నే ఎదుర్కొన్నాడు. అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే కదా అని ప్రతివాది నిలదీస్తే, నాకు ప్రతిజ్ఞ (నిరూపించవలసిన సిద్ధాంతం) అంటూ లేదు కనుక ఆ దోషం నాకు అంటదని బదులిచ్చాడు. ప్రతిజ్ఞ చేయకుండా ఎదుటివారి ప్రమాణాలను ప్రశ్నిస్తూ పోయేవానికి మాత్రమే ఆ జవాబు చెల్లుతుంది. ‘ఏదీ తెలియదు’ అని సిద్ధాంతం చేసినవారికి చెల్లదు.

ప్రశ్న: కనీసం గణితంలోనైనా పూర్తి నిశ్చయం ఉంటుందా?
– ఒక గణిత ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: ఉపపత్తి, అంటే నిరూపణ, ఉన్న చోట ఉంటుంది, ఉదాహరణలు చూసి నమ్మిన చోట గణితంలోనూ ఉండదు. రెండును వరుసగా 1, 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి (ఘాతం ప్రతిసారీ రెట్టింపు) ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కనుక ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా అంతటివాడు నమ్మాడు. వాటి తరువాతిది 4294967297. అది 641ని 6700417తో గుణిస్తే వస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. మీ తరగతిలో ఒక పిల్లవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి ఆ గుణకారం చేయించండి. లెక్క సరిపోయిన క్షణాన ఫెర్మా నమ్మకం అబద్ధమన్నది ఆ పిల్లవానికి ఎవరి మాటా అక్కర్లేకుండా తెలుస్తుంది. 1931లో గోడెల్ నిరూపించిన సిద్ధాంతాన్ని చూపి గణితమే అనిశ్చితమైపోయిందనేవారు ఉన్నారు. అంకగణితం ఇమిడే, పరస్పర విరోధం లేని, నియమబద్ధమైన ఏ వ్యవస్థలోనూ అవునని గాని కాదని గాని నిరూపించలేని వాక్యాలు మిగులుతాయని ఆయన చూపించాడు. నిరూపించినవాటికి ముప్పు వచ్చిందని ఎక్కడా అనలేదు.

ప్రశ్న: తత్త్వవేత్తలు శతాబ్దాలు వాదించుకోగలరు, న్యాయస్థానానికి ఆ వెసులుబాటు లేదు. నిశ్చయంగా తెలియనప్పుడు మనిషిని శిక్షించడం న్యాయమెలా అవుతుంది?
– ఒక యువ న్యాయవాది, కర్నూలు

జవాబు: మీరు వృత్తిరీత్యా చదివినదే గుర్తు చేస్తాను. 1872 నాటి సాక్ష్య చట్టం మూడో సెక్షను రుజువు కావడమంటే సంపూర్ణ నిశ్చయమని చెప్పలేదు. ఆ సంగతి ఉందని న్యాయస్థానం నమ్మాలి, లేదా వివేకం గల మనిషి ఆ సందర్భంలో అది ఉన్నట్టే భావించి నడుచుకోవలసినంత సంభావ్యంగా ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ భావాన్నే నిలుపుకుంది. రుజువైనది, కాదని రుజువైనది, ఈ రెండూ కానిది అని చట్టం మూడు గదులు పెట్టడం నాకు చాలా నచ్చిన సంగతి, ఎందుకంటే మామూలు వాదనల్లో మనం ఆ మూడో గదిని మరచిపోతాము. నేరవిచారణలో సహేతుకమైన సందేహానికి తావుండకూడదన్న నియమం కూడా హేతువున్న సందేహాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. గంగేశుడు కోరినదీ అదే.

ఇది ఎంత చిక్కుగా మారగలదో వయసు నిర్ణయంలో చూడవచ్చు. తన పుట్టినరోజు ఎవరికీ స్వయంగా తెలియదు, పెద్దలు చెప్పగా విన్నదే, అంటే శబ్దప్రమాణం. మన పల్లెల్లో పాత తరంవారికి ఆ మాట కూడా సరిగా దక్కలేదు. బడిలో చేర్చిన రోజున పంతులుగారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, ఏడాది అంచనా కట్టి, జూలై 1 అని వేసిన తేదీతోనే ఉద్యోగాలు చేసి, ఆ తేదీతోనే పదవీ విరమణ చేసినవారు ఎందరో ఉన్నారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షను ప్రకారం, తమ ముందుకు వచ్చిన వ్యక్తి బాలుడా కాదా అన్న సందేహానికి సహేతుకమైన ఆధారం ఉన్నప్పుడే బాలల సంక్షేమ సమితి గాని, బాలల న్యాయ బోర్డు గాని విచారణకు దిగాలి. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రమో పదవ తరగతి పత్రమో చూడాలి, అది లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడాలి, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్షకు పోవాలి. ఎముకల పరీక్షలో అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు తేడా రావచ్చునని సుప్రీంకోర్టు 1982లోనే గుర్తించింది. 17 ఏళ్లకూ 19 ఏళ్లకూ మధ్య ఒక మనిషి జీవితం ఎంతగా మారిపోతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. అలా నమోదు చేసిన వయసునే ఆ చట్టం ప్రయోజనం మేరకు నిజమైన వయసుగా భావించాలని అదే సెక్షను ముగిస్తుంది. అంటే శాసనం సత్యాన్ని కనిపెట్టానని చెప్పుకోవడం లేదు, వెతుకులాట ఎక్కడ ఆపాలో మాత్రమే చెబుతోంది.

కనుక మీ కక్షిదారు వయసు బడి రిజిస్టరు మీద ఆధారపడి ఉంటే, ఊరికే ‘ఇది తప్పు కావచ్చు’ అని వాదించకండి, దానికి విలువ ఉండదు. ఆ ఏడాది ప్రవేశాల పేజీ మొత్తం తెప్పించండి. వరుసగా సగం మంది పిల్లలకు జూలై 1 అనే తేదీ కనిపిస్తే, ఆ పేజీని న్యాయస్థానం ముందు పెట్టి, ఈ తేదీలు వేసింది ఏ ఆధారంతోనో చెప్పడానికి ప్రధానోపాధ్యాయుణ్ణి సాక్షిగా పిలిపించమని కోరండి.